కొత్త సిస్టంకు పాత ప్రాణం

డబ్బు పోసి కొత్త కంప్యూటర్ కొని, ఆ తర్వాత దాన్ని పాతదాన్ని చేయడానికి నానా అగచాట్లు పడిన మనిషి గద్వాలలో ఒకడున్నాడు. అది నేనే.

నాది డీటీపీ షాపు. పెళ్ళిపత్రికలు, బిల్లు బుక్కులు, చీరల దుకాణాల కవర్లు, దశదినకర్మ కార్డులు చేస్తాను. పాత సిస్టంలో విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, 'అను' అనే తెలుగు ఫాంట్లు ఉండేవి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఎక్స్‌పీదీ అదే ఏడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి చేతులు దులుపుకున్నారు. నేను దులుపుకోలేదు. నడిచేదాన్ని కదిలించొద్దన్నది నా సిద్ధాంతం. సోమరితనానికి సిద్ధాంతమని పేరు పెట్టుకుంటే ఎవరూ ఎదురు చెప్పరు.

ఆ సిస్టం మీద నాకు మమకారం పెరగడానికి ఒక కారణం లేకపోలేదు. 2016 అక్టోబర్ 11, దసరా నాడు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయి కొత్త జిల్లాలయ్యాయి. మర్నాటి నుంచి బళ్ళు, సంఘాలు, వ్యాపారులు అందరికీ లెటర్‌హెడ్లు మారాలి, రబ్బరు స్టాంపులు మారాలి. 'గద్వాల, మహబూబ్‌నగర్ జిల్లా' అని ఉన్నచోట 'గద్వాల, జోగులాంబ గద్వాల జిల్లా' అని పెట్టాలంటే విజిటింగ్ కార్డు మీద ఒక్క వరుసలో పట్టేది కాదు, అక్షరం సైజు తగ్గించాల్సి వచ్చేది. ఆ సీజనంతా ఎక్స్‌పీ ఒక్కసారి కూడా మొరాయించలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది ఉన్నన్నాళ్ళు నాకు ఢోకా లేదని.

చివరికి మదర్‌బోర్డు పోయింది. హైదరాబాదు నుంచి కొత్త సిస్టం తెప్పించాను. అందులో విండోస్ 11 వేసే ఇచ్చారు, లైసెన్సుతో సహా. పేజ్‌మేకర్ దాని మీద నడుస్తుందో లేదో ఒక్కసారైనా వేసి చూడాలి కదా. చూడలేదు. నడవదని నాకు నేనే తీర్పు చెప్పుకుని డిస్కు మొత్తం చెరిపేశాను. నా తెలివితక్కువతనంలో మొదటి మెట్టు అది.

ముందు ఎక్స్‌పీ వేయబోయాను. అది పాత పద్ధతిలో బూట్ కావాలంటే బయాస్‌లో సీఎస్ఎం ఆన్ చేయాలి. బోర్డులో ఉన్న గ్రాఫిక్స్‌తో అది ఆన్ కాదు, విడిగా కార్డు ఉండాలి. సికింద్రాబాదు సీటీసీ కంప్యూటర్ మార్కెట్టుకు పోయి జీటీ 710 అనే సెకండ్‌హ్యాండ్ కార్డు తెచ్చాను. అది పెట్టాక నీలం తెర వచ్చి 7బీ అనే ఎర్రర్ చూపించి ఆగిపోయింది. ఎక్స్‌పీకి ఇప్పటి డిస్కులు నడిచే పద్ధతి తెలియదు. పాత బోర్డుల బయాస్‌లో ఐడీఈ మోడ్ అని ఒకటి ఉండి ఆదుకునేది, కొత్తవాటిలో అది లేదు. సరే, విండోస్ 7 వేద్దాం, ఎంతైనా కాస్త కొత్తది కదా అనుకున్నాను.

విండోస్ 7 భాష ఎంచుకోమనే తెర దాకా చక్కగా వచ్చింది. అక్కడ మౌసు కదల్లేదు, కీబోర్డు పలకలేదు. మౌసు పాడైందని కొత్తది కొన్నాను. అదీ కదల్లేదు. సంగతేమంటే, 2015 నుంచి వచ్చిన ఇంటెల్ బోర్డుల్లో పాత యూఎస్‌బీ కంట్రోలర్ తీసేశారు. అన్ని పోర్టులూ యూఎస్‌బీ 3 పద్ధతిలోనే నడుస్తాయి. 2009లో పుట్టిన విండోస్ 7కు దాని డ్రైవర్ తెలియదు. అటక మీదున్న గుండ్రటి పిన్ను కీబోర్డు దించి పెడితే అది మాత్రం పలికింది. ఆ రోజు నేను పడిన సంబరం చూసి మా ఇంట్లో వాళ్ళు లాటరీ తగిలిందేమో అనుకున్నారు.

ఇంకాస్త ముందుకు పోతే, సీడీ డ్రైవ్‌కు డ్రైవర్ కావాలని అడిగింది. సిస్టంలో సీడీ డ్రైవే లేదు! లేని వస్తువుకు డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందా అని నేను వెతికాను కూడా. అది అసలు అడుగుతున్నది పెన్‌డ్రైవ్ గురించే, యూఎస్‌బీ కనబడక. ఎలాగో అది దాటాక హార్డ్‌డిస్కు కనబడలేదు, ఎన్‌వీఎంఈ అనే కొత్తరకం డిస్కుల సంగతి విండోస్ 7కు పుట్టుకతో రాదు గనుక. ఉన్న వేగమైన డిస్కు పక్కన పడేసి, నెమ్మదైన సాటా డిస్కు కొన్నాను. బోర్డులో ఉన్న గ్రాఫిక్స్‌తో అది ఆన్ కాదు, విడిగా కార్డు ఉండాలి. కొత్త ట్రాక్టరుకు కాడి కట్టి ఎద్దుల్ని పూన్చినట్టుంది నా యవ్వారం. కాకపోతే ఆ ఎద్దులకు కూడా నేనే డబ్బు పెట్టాను.

విండోస్ 7 వచ్చింది. పేజ్‌మేకర్ తెరుచుకుంది. అను అక్షరాలు తెర మీద కనబడగానే దండం పెట్టుకున్నాను. అప్పుడు ప్రింటర్ వైరు గుచ్చాను.

ప్రింటర్ కూడా యూఎస్‌బీయే.

ప్రింటింగు షాపులో ప్రింటు రాదు, కస్టమర్ పెన్‌డ్రైవ్ తెస్తే తెరుచుకోదు. ఏదో ఊరూపేరూ లేని సైటు నుంచి ఎవరో అతికించిన డ్రైవర్ దించి వేస్తే అప్పుడప్పుడూ పనిచేసేది. మాఘమాసం పెళ్ళిళ్ళ సీజను అలాగే ఈడ్చాను.

వనపర్తి కేడీఆర్ పాలిటెక్నిక్‌లో మా మేనల్లుడు చదువుతున్నాడు. రాజావారి ప్యాలెస్‌లో నడిచే కాలేజీ అది. నేను ఈ తంటాలు మొదలుపెట్టిన మొదటి వారంలోనే వాడు చెప్పాడు: "మామా, కొత్తదాన్ని కొత్తదాని లెక్కనే ఉండనియ్యి. ఎక్స్‌పీని వర్చువల్‌బాక్స్‌లో ఎయ్యి." కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటరట, పిల్లల ఆట అని కొట్టిపారేశాను. వాడి ముందు నాకు తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. డబ్బు పోయింది ఆ పంతం వల్లే. నాగర్‌కర్నూల్‌లో ఇదే పని చేసే మిత్రుడు ఎప్పుడో కొత్త విండోస్‌కు మారాడు. ఆయన్ని అడగడానికీ నామోషీయే.

దారికి తెచ్చింది ఒక మాస్టారు. మే 28 సురవరం ప్రతాపరెడ్డి జయంతి. ఆయన మన గద్వాల వైపు నడిగడ్డ బిడ్డ. 1926లో గోలకొండ పత్రిక పెట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన మనిషి. ఆ జయంతికి కరపత్రం వేయాలని వచ్చి, "ఆయన పేరు మీదనే సురవరం అని ఫాంటు ఉంది, ఉచితం, అందులో వెయ్యండి" అన్నాడు మాస్టారు. విషయం వాట్సాప్‌లో టైపు చేసి పంపాడు. అది యూనికోడ్. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును గుర్తించదు. అను ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఫాంటు లేని చోట మన పెళ్ళిపత్రిక పిచ్చిగీతల్లా కనబడేది అందుకే. నా షాపులో సురవరం అక్షరాలు పలకవని చెప్పలేక, రేపు రమ్మన్నాను.

ఆ రాత్రే మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు ఆదివారం వచ్చి, నేను చెరిపేసిన విండోస్ 11 మళ్ళీ వేసి, లోపల వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ పెట్టాడు. వర్చువల్‌బాక్స్ ఎక్స్‌పీకి తెలిసిన పాతకాలం ఐడీఈ డిస్కునే చూపిస్తుంది కాబట్టి నీలం తెర రాలేదు. భద్రత కోసం ఆ ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వలేదు. పాత పత్రికలు అందులో తెరిచి, పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తీసి ప్రింటు ఇస్తాను. నా పాత సిస్టం కంటే ఇదే చురుగ్గా ఉంది. కరపత్రం లిబ్రెఆఫీస్‌లో, సురవరం ఫాంటులోనే వేశాను.

అసలు నన్ను పట్టుకున్న భయం పేజ్‌మేకర్ గురించి కాదు. వేళ్ళు అను కీబోర్డుకు అలవాటుపడ్డాయి, యూనికోడ్‌కు మారితే ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేక, నేరం విండోస్ మీద వేశాను. ఇప్పుడు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. ఒత్తులు ఇంకా తడబడుతున్నాయి.

డీటీపీ చేసేవాళ్ళెవరైనా ఇది చదివితే, ఉన్న విండోస్ చెరిపేముందు ఒక్కసారి మీ పేజ్‌మేకర్ దాని మీదే వేసి చూడండి. పాత ఫైళ్ళతో పాటు ఫాంట్లను కూడా కాపీ చేసి దాచుకోండి, ఫాంటు పోతే ఫైలు ఉన్నా లేనట్టే. ఆ జీటీ 710 కార్డు నా దగ్గర ఖాళీగానే ఉంది. కావాలంటే వచ్చి తీసుకుపొండి, విండోస్ 7 వేయడానికైతే మాత్రం ఇవ్వను.