గౌరవనీయ స్లైడర్ త్రీ గారు

మన రాష్ట్రాల్లో శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు ఒక వరస కిందికి జారితే నియోజకవర్గం అట్టుడికిపోతుంది. ప్రోటోకాల్ ఉల్లంఘన అంటారు, బైఠాయిస్తారు, ఎవరో ఒక ఇంజనీరు సంజాయిషీ రాసుకుంటాడు. ఆహ్వానపత్రికలో 'గౌరవనీయులైన' ఎగిరిపోయినా అంతే. అంత పట్టింపున్న నేల మీద ఏదైనా ఒక ప్రభుత్వ శాఖ వెబ్‌సైటు తెరిచి, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి వినండి. పైన చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతున్న మంత్రిగారి ఫొటో ఉంటుంది. దానికి ఒక లింకు తగిలించి ఉంటే యంత్రం గొంతు ఆయన్ని పిలిచే తీరు ఇది: "గ్రాఫిక్. స్లైడర్ త్రీ ఫైనల్ న్యూ డాట్ జేపీజీ." లింకు లేకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఆపాటి పలకరింపు కూడా లేకుండా దాటేస్తాయి. మంత్రిగారు పేజీలో లేనట్టే.

దీని మీద ఇంతవరకూ ఏ అనుచరుడూ రోడ్డెక్కలేదు.

అపచారం ఎక్కడ జరిగిందంటే, ఒక ఖాళీ గడిలో. వెబ్‌పేజీలో పెట్టే ప్రతి బొమ్మకీ 'ఆల్ట్' అని ఒక గడి ఉంటుంది. బొమ్మలో ఏముందో, కనపడనివాళ్ల కోసం ఒక వాక్యం రాయడానికి. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 లోనే ఉంది ఆ గడి. 1999లో వచ్చిన తొలి అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాల్లో మొదటి నియమం దాని గురించే. మన కేంద్రప్రభుత్వం కూడా 2009లో ప్రభుత్వ సైట్లకి సొంత మార్గదర్శకాలు రాసుకుంది, 2023లో మూడో కూర్పు విడుదల చేసింది. పుస్తకం మూడుసార్లు నిండింది, గడి నిండలేదు.

మాటలకి కరువొచ్చిందా అంటే అదీ కాదు. అదే ఫొటోకి అదే శాఖ పత్రికలకి పంపే వివరణ చూడండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, శాలువ కప్పింది ఎవరు, జ్ఞాపిక అందించింది ఎవరు, వెనక వరసలో తల మాత్రం కనపడుతున్న మండల నాయకుడు ఎవరు, అన్నీ హోదాలతో సహా ఉంటాయి. పత్రిక కోసం ఇంత రాసిన చేతికి వెబ్‌సైటులో ఆరు మాటలు రాయమంటే నొప్పి పుడుతుంది. పత్రిక చూసేవాళ్లు ఓటర్లు. వినేవాళ్లు ఎవరో మరి.

లింకుల వైభవం వేరు. చూపున్నవాళ్లు పేజీని కళ్లతో ఒక్కసారి జల్లెడపట్టి కావాల్సింది ఏరుకుంటారు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఆ పని చెవితో చేస్తారు. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్, ఎఫ్7 మీటలు కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి. ఒక ఉద్యోగ నియామకాల పేజీ మీద అది నొక్కితే ఇలా వినపడుతుంది: ఇక్కడ. ఇక్కడ. క్లిక్ హియర్. ఇక్కడ క్లిక్ చేయండి. వ్యూ. డౌన్‌లోడ్. డౌన్‌లోడ్. మరిన్ని. ఇక్కడ. వీటిలో ఒకటి హాల్‌టికెట్, ఒకటి ఫీజు రసీదు, ఒకటి ప్రిలిమినరీ కీ, ఒకటి ఎప్పుడో ముగిసిపోయిన టెండరు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ఒక్కోదాన్నీ నొక్కి, వెళ్లి, వెనక్కి రావాలి. మధ్యమధ్యలో మిణుకుమనే ఎర్ర బొమ్మ, "న్యూ అండర్‌స్కోర్ బ్లింక్ డాట్ గిఫ్" అని. ఆ 'న్యూ' అక్కడికొచ్చి ఎన్నేళ్లయిందో దానికే తెలియదు.

ఆ 'ఇక్కడ' తీసేసి 'హాల్‌టికెట్ డౌన్‌లోడ్' అని రాస్తే సరిపోతుంది. టెండరు పిలవక్కర్లేదు, కన్సల్టెంటు అక్కర్లేదు, ప్రారంభోత్సవం అక్కర్లేదు. పని జరగకపోవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం. రిబ్బను కత్తిరించడానికి వీల్లేని పనికి మన దగ్గర ముహూర్తం దొరకదు.

ఇంకా కడుపుమండేది ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వాళ్లకి 4 శాతం కోటా ఇచ్చింది. అందులో అంధులకీ చూపు తక్కువున్నవాళ్లకీ 1 శాతం. ఆ కోటా వివరాలున్న నోటిఫికేషన్‌ని కంప్యూటర్లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, సంతకం పెడతారు, రబ్బరు స్టాంపు కొడతారు, స్కాను చేసి బొమ్మగా మార్చి సైటులో పెడతారు. అక్షరాలుగా పుట్టినదాన్ని పట్టుబట్టి బొమ్మని చేస్తారు. స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి, పేజీ ఖాళీగా ఉందని చెప్పి ఊరుకుంటుంది. రిజర్వేషన్ ఉంది, ఉందని తెలిసే దారి లేదు.

అలాగని మనవాళ్లకి శ్రద్ధ లేదంటే పాపం తగులుతుంది. సైటు పై మూల చూడండి: ఏ ప్లస్, ఏ, ఏ మైనస్. ఆ పక్కనే 'స్క్రీన్ రీడర్ యాక్సెస్' అని లింకు. నొక్కితే ఏ స్క్రీన్ రీడర్ ఎక్కడ దొరుకుతుందో పట్టిక వస్తుంది. ఆ పట్టిక వినాలంటే ముందే స్క్రీన్ రీడర్ ఉండాలి. ఉన్నవాళ్లకి పట్టికతో పనేమిటో తయారుచేసినవాళ్లే చెప్పాలి. చాలా సైట్లలో ఆ వరసలో విండో-ఐస్ అనే పేరు కనపడుతుంది. దాన్ని తయారీదారులు 2017లోనే ఆపేశారు. చచ్చిన సాఫ్ట్‌వేర్‌కి చిరునామా ఇచ్చినవాళ్లు బతికున్న పౌరుడికి ఒక వాక్యం ఇవ్వలేకపోయారు.

ప్రైవేటువాళ్లు ఇంకాస్త తెలివైనవాళ్లు. గడి ఖాళీగా వదలరు, గూగుల్ కోసం కుక్కుతారు: "పట్టు చీర చవక పట్టు చీర బెస్ట్ పట్టు చీర హైదరాబాద్ ఆన్‌లైన్". రంగేమిటి, అంచేమిటి, జరీ ఉందా లేదా? ఆ ఊసే ఉండదు. ఇక ఫేస్‌బుక్ 2016 నుంచి ఆ గడి నింపే పని యంత్రానికి అప్పగించింది. "ఇద్దరు మనుషులు, నిలబడి ఉన్నారు" అంటుంది. పెళ్లయినా అంతే, సంతాపసభ అయినా అంతే.

అడిగితే సైటు కట్టినాయన చెప్పే జవాబు ఒకటుంది: "మా సైటుకి చూపులేనోళ్లు ఎవరొస్తారండీ?" తలుపుకి తాళం వేసి, ఎవరూ లోపలికి రావట్లేదు గనక తాళం ఉండాల్సిందే అని తేల్చే తర్కం ఇది. 2011 జనాభా లెక్కల్లోనే చూపు లోపమున్నవాళ్లు 50 లక్షల పైచిలుకు తేలారు.

కోర్టులు చెప్పకపోలేదు. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సౌలభ్య నియమాలు సలహాల్లా ఉంటే కుదరదని, తప్పనిసరి నియమాలు 3 నెలల్లో రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకి ఊతమిచ్చిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో తయారైంది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమంది. దివ్యాంగుల హక్కుల చట్టం ఉల్లంఘిస్తే తొలి తప్పుకి జరిమానా గరిష్ఠంగా 10,000 రూపాయలు. సైటు ప్రారంభోత్సవానికి తెచ్చిన బొకేల బిల్లు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్ సైటులోనూ ఇదే రోగం. బ్రూస్ మాగ్వైర్ అనే చూపులేని పౌరుడు ఫిర్యాదు చేస్తే నిర్వాహకులు బోలెడు ఖర్చనీ, బోలెడు కాలమనీ వాదించారు. అక్కడి మానవ హక్కుల కమిషన్ ఆ కథ నమ్మలేదు, సైటు సరిచేయమని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని పూర్తిగా పాటించనందుకు 20,000 ఆస్ట్రేలియా డాలర్లు కట్టించింది.

మన దగ్గరా కేంద్రంలో, రాష్ట్రాల్లో దివ్యాంగుల కమిషనర్లున్నారు. తమంత తాము విచారణ చేపట్టే అధికారం చట్టం వాళ్లకిచ్చింది. కాబట్టి మీ కంట పడిన ప్రతి 'ఇక్కడ క్లిక్ చేయండి' పేజీ గురించి వాళ్లకి ఒక ఉత్తరం రాయండి. ఆ ఉత్తరాన్ని దయచేసి టైపు చేసిన అక్షరాలుగానే పంపండి. స్కాను చేయకండి.