ఐదొందల వీరులు

రోజుకు 500 రూపాయలుంటే చాలు, దక్షిణాది అంతా చుట్టేయొచ్చునట. ఈ మాట చెప్పి మనల్ని ఉద్ధరించేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. వయసు పాతికకూ ముప్పైకీ మధ్య, ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో, వీపు మీద అరవై లీటర్ల సంచి. పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తీసిన వీడియో ఒకటి, దాని కింద జమాఖర్చు ఒకటి. బస్సులు 140. పొద్దున ఉగ్గాని బజ్జి 40. మధ్యాహ్నం భోజనం 5. టీలు, అరటిపళ్లు 60. పడక 0. అడుగున మొత్తం వేసి, దానికి రెండు గీతలు.

వీళ్లు పోయే చోట్లలో బేలం గుహలు ఒకటి. వాటి పొడవు 3,229 మీటర్లు. నీళ్లు ఓపిగ్గా సున్నపురాయిని తొలిచి చేసిన పని అది. దాని గురించి వీళ్ల వీడియోలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, "లోపల చాలా ఉక్కగా ఉంది గయ్స్" అని. గుహ బయట అరటిపళ్లు ఎంతకు బేరమాడి కొన్నారో మాత్రం మూడు నిమిషాలు చెబుతారు.

ఈ జమాఖర్చులో ఉన్నవాటికంటే లేనివాటిని వెతకడంలో ఎక్కువ కాలక్షేపం ఉంది. సంచి ధర ఉండదు. బూట్ల ధర ఉండదు. కెమెరా గురించి అడగనే కూడదు. బెంగళూరు నుంచి తాడిపత్రి దాకా రాత్రంతా ఏసీ స్లీపరులో పడుకుని వచ్చిన టికెట్టు కూడా ఉండదు, ఎందుకంటే అది ప్రయాణం కాదట, రావడమట. పొద్దున ఆరింటికి బస్టాండులో కాలు పెట్టాకే చాలెంజి మొదలు. నగలూ, హాలు అద్దే, భోజనాలూ పక్కన పెట్టి, ఒక్క తమలపాకుల ఖర్చు చూపించి "మా అమ్మాయి పెళ్లి రెండు వేలలో కానిచ్చాం" అనే పెళ్లిపెద్దను మన ఊళ్లో ఏమంటారో తెలుసు కదా. వీళ్లను ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటున్నారు.

మధ్యాహ్నం భోజనం 5 రూపాయలు అన్నచోట కాసేపు ఆగాలి. అది అన్న క్యాంటీను. 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్నవాటిలో ఒకటి. తమిళనాడులో అయితే అమ్మ ఉణవగం ఉంది, అక్కడ ఇడ్లీ రూపాయే. వీటికి మన వీరుడు పెట్టే పేరు 'హిడెన్ జెమ్'. హిడెన్ ఏముంది నాయనా, ఫ్లెక్సీలు కట్టి, ఎమ్మెల్యేను పిలిచి మరీ తెరిచారు కదా! ఆ క్యూలో ఎవరుంటారో ఊరందరికీ తెలుసు. హమాలీలు, ఆటో తోలేవాళ్లు, పెద్దాసుపత్రిలో మంచం మీదున్న మనిషికి తోడుగా వచ్చి రెండు రోజులుగా స్నానం లేనివాళ్లు. ఆ కంచంలోకి వచ్చింది 5 రూపాయల అన్నం కాదు, మిగతా డబ్బు ప్రభుత్వమూ దాతలూ పెట్టుకుంటున్నారు. నెలకు లక్ష తెచ్చుకునే కుర్రాడు అక్కడ తినకూడదని చట్టమేమీ లేదు. కానీ తిని బయటికొచ్చి, అది తన పొదుపు ప్రతిభ అని పాఠం చెప్పడం చూస్తుంటే పొలమారుతుంది.

గుళ్ల దగ్గర ఇంకా ముదురు. తిరుమలలో నిత్యాన్నదానం 1985 నుంచి నడుస్తోంది, భక్తులు ఇచ్చిన విరాళాల మీద. ధర్మస్థలలోనూ వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతారు. నువ్వెవరని అడక్కుండా విస్తరి వేయడమే ఆ పంక్తిలోని గొప్పతనం. సామాన్యుడు తిని, చెయ్యి కడుక్కుని, పోతూపోతూ హుండీలో పదో పరకో వేస్తాడు. మనవాడు వెయ్యడు. వేస్తే బడ్జెట్టు దాటిపోతుంది. పుస్తకంలో "ఫుడ్: 0" అని రాసుకుంటాడు, పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఇక బస్సు. బస్సు చవకని కనిపెట్టినట్టు చెబుతారు గానీ, అది ఎందుకు చవకో చెప్పరు. పల్లెలకు తిరిగేవి చాలావరకు నష్టం బస్సులే. ఊరికో బస్సు ఉండాలి కాబట్టి తిరుగుతాయి. ఆ నష్టాన్ని దూరపు సర్వీసుల మీద వచ్చిన దాంతోనూ, ప్రభుత్వం ఇచ్చే దాంతోనూ పూడ్చుకోవడం ఆర్టీసీకి పాత పద్ధతి. అంటే అమరావతి ఏసీ బస్సులో దుప్పటి ముసుగేసుకుని విజయవాడ పోతున్న బొజ్జ పెద్దమనిషి, మన వీరుడు 'టూరిస్టుగాడు' అని ఈసడించే ఆ పెద్దమనిషే, మన వీరుడి టికెట్టులో కొంత కట్టాడు. జమాఖర్చులో ఆయనకు కృతజ్ఞతలు చెప్పినవాణ్ని నేనింకా చూడలేదు.

"లోకల్స్‌లాగా తిరగండి" అన్నది వీళ్ల రెండో ఉపదేశం. లోకల్స్ ఎలా తిరుగుతారో జమ్మలమడుగు బస్టాండులో పది నిమిషాలు నిలబడితే కనిపిస్తుంది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడుతుంది, సీటు ఖాయం. ఎక్కాక చెప్పులు సీటు కిందికి, మూట ఒళ్లోకి. చేతిలో సరిపడా చిల్లర. అక్కడి నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, కింద ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న. దీనికిప్పుడు ఇండియా గ్రాండ్ క్యాన్యన్ అని పేరు తగిలించారు, మనకు మన లోయ చాలదు కాబట్టి. అక్కడికి పోయే బస్సులు తక్కువ, ఎక్కేవాళ్లు ఎక్కువ.

ఈ మధ్య ఆ బస్సులో నా ముందు సీటు దగ్గర ఒక వీరుడు నిలబడ్డాడు. సంచి దింపలేదు. అటు తిరిగితే ఇటు మనిషికి, ఇటు తిరిగితే అటు మనిషికి ఆ సంచి తగులుతోంది. టికెట్టు నిండా ముప్పై కూడా కాదు, అతను తీసింది ఐదొందల నోటు. బడ్జెట్టంతా ఒకే కాగితంలో పెట్టుకుని వచ్చాడు పాపం.

"పొద్దన్నే ఐదునూర్లు ఇస్తే యాణ్నించి తెచ్చేది సారూ?" అన్నాడు కండక్టరు. టికెట్టు వెనక బాకీ రాసిచ్చి, "దిగేటప్పుడు అడిగి తీసుకో. ఆ సంచి పైన పెట్టు సారూ, పిల్లోళ్లకు తగుల్తాంది" అన్నాడు. సంచి పైన పట్టలేదు. చివరికి ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ పక్కన ఆ సంచి, దాని పక్కన వీరుడు. అవతలి వరసలో ఒక అవ్వ, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు, బీపీ మాత్రలు.

"యాడికి నాయనా?"

"గండికోటకు అవ్వా. ఊరికే చూద్దామని."

"ఊరికేనా? ఇంట్లో ఏమన్నా కొట్లాడి వచ్చినావా?"

బస్సు నవ్వింది. అతనూ నవ్వి, వీడియో మొదలుపెట్టాడు. అవ్వది గండికోటే. 'మనుషులు మరిచిపోయిన కోట' అని అతను ఫోనుతో చెబుతున్న కోట లోపలే ఆమె ఇల్లు. మరిచిపోదామన్నా కుదరని మనిషి, మాత్రలు అయిపోయినప్పుడల్లా జమ్మలమడుగు దాకా పోయి రావాలి కదా. కాసేపటికి కొంగుముడి విప్పి అతని చేతిలో గుప్పెడు శెనక్కాయలు పోసింది. ఆ రాత్రి జమాఖర్చులో స్నాక్స్ ఎదురుగా ఏం రాసి ఉంటాడో మీరే ఊహించుకోండి.

బస్సు గంట ఆలస్యమైతే ఇతనికి 'స్లో ట్రావెల్'. ఆ గంటలో డిగ్రీ పిల్లకు పరీక్ష పోతుంది, కూలికి పోయేవాళ్లకు ముఠా వెళ్లిపోతుంది. లోయ అంచున సూర్యాస్తమయం చూస్తూ ఆఖరి బస్సు తప్పితే ఇతను ఫోను తీసి కారు మాట్లాడుకుంటాడు. ఆ డబ్బు 'ఎమర్జెన్సీ' కాబట్టి లెక్కలోకి రాదు. పేదరికం నుంచి ఏ పూటకాపూట బయటికి రాగలిగే సదుపాయం ఉన్నవాడు పేదల బస్సెక్కి "జీవితానికి ఇంతకంటే ఏం కావాలి" అంటాడు. అడిగితే అదే బస్సులో వాళ్లు ఏం కావాలో చెబుతారు. కూర్చోను సీటు, వేళకు బస్సు, చేతిలో డబ్బాడితే సూపర్ లగ్జరీ. అనుభవం కోసం పల్లెవెలుగు ఎక్కిన మనిషి ఆ చుట్టుపక్కల మండలాల్లో ఒక్కడూ లేడు.

ఇంతకీ తక్కువ ఖర్చుతో తిరగడమే ఘనకార్యమైతే, ఆ పతకం అవ్వది. ఆమె టికెట్టు సున్నా. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రలో పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9 నుంచి ఉంది, కర్ణాటకలో శక్తి అదే ఏడు జూన్ నుంచి, తమిళనాడులో సాధారణ టౌను బస్సుల్లో 2021 నుంచే. లక్షల మంది ఆడవాళ్లు రోజూ సున్నా రూపాయలతో దక్షిణాది చుట్టేస్తున్నారు. వాళ్లకు చప్పట్లు లేవు. వాళ్లకు దక్కుతున్నది వేరే.

అదే బస్సులో వెనకసీటు నుంచి వినపడింది: "ఫ్రీ బస్సు పెట్టినాక పనీపాటా లేకుండా అందరూ ఊర్లు తిరగబట్టిరి." మందులకు పోయొస్తున్న అవ్వను అన్నారు ఆ మాట. పనీపాటా లేకుండా, లేదని నోటితో ఒప్పుకుని మరీ ఊరు తిరగబట్టిన మనిషి ఆమె అవతలి సీట్లోనే కూర్చుని ఉన్నాడు. అతన్ని ఎవరూ అనలేదు. పైగా అతనూ ఆ మాటకు తలూపాడు. పన్ను కట్టేవాళ్ల డబ్బు గురించి ఈ వీరుల వీడియోల కింద పాఠాలు చెప్పేవాళ్లు బోలెడు మంది. ఆడమనిషి ఉచిత బస్సెక్కి చెల్లెలి ఊరికి పోతే ఖజానా కుంగిపోతుందట, గుడికి పోతే ఇంకా ఘోరమట. మగపిల్లాడు రాయితీ బస్సెక్కి, రాయితీ అన్నం తిని, సత్రంలో పడుకుంటే మాత్రం అతను మనకు జీవితం నేర్పిస్తున్నాడు.

నిజం చెప్పాలంటే స్త్రీశక్తిలో నాకు నచ్చేదే అది. ఏ పనీ లేకుండా ఒక ఆడమనిషి బస్సెక్కి, ఊరికే పోయి, ఏదో చూసి రావచ్చు. మొగుణ్ని డబ్బులు అడగక్కర్లేదు. అది మన మగ బ్యాక్‌ప్యాకర్‌కు పుట్టుకతోనే ఉంది గనక అతనికి కనపడదు.

ఎవరినీ బస్సు దిగమనడం లేదు. పల్లెవెలుగు అందరిదీ, రీలు తీసేవాళ్లది కూడా. లెక్క మాత్రం పూర్తిగా రాయండి. స్లీపరు టికెట్టు రాయండి, కారు కిరాయి రాయండి, శెనక్కాయల దగ్గర అవ్వ అని రాయండి. హుండీలో ఒక పది వేయండి. పొద్దున్నే ఐదొందల నోటు తీయకండి. అన్నిటికంటే ముందు లగేజీ టికెట్టు కొట్టించుకోండి. ఆ కండక్టరు మొహమాటపడి ఊరుకున్నాడు గానీ, స్త్రీశక్తి కింద సంచులకు ఉచితం లేదు.