పల్లిపట్టిలో దొరికిన నేను

డాక్టర్లు నన్ను క్రౌన్ అంటారు. సిరిసిల్లలో అందరూ క్యాపు అంటారు. పింగాణీ పూత లేదు, జిర్కోనియా దర్జా లేదు. నికెల్, క్రోమియం కలిపి పోసిన తెల్ల లోహాన్ని. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకాయన కుడి దవడపన్ను మీద తొమ్మిదేళ్లు కూర్చున్నాను.

సిరిసిల్ల ఇంకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్నప్పుడు, అంటే 2016 అక్టోబర్‌కు ముందు, కరీంనగర్‌లోని ఒక ల్యాబులో పుట్టాను. మైనంతో పన్ను ఆకారం చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా లోహపు బొమ్మలు పోసే పద్ధతే ఇది. పళ్ల వైద్యంలో దీన్ని 1907లో వాడుకలోకి తెచ్చిన ఘనత టాగర్ట్ అనే అమెరికా డాక్టరుకు ఇస్తారు. ఓజాలనెవరూ అడిగినట్టు లేదు.

నా పని నమలడమే అనుకున్నాను. 2017లో సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చి పని పెరిగాక తెలిసింది, రాత్రిపూట కూడా డ్యూటీ ఉందని. పగలంతా సాంచాల మోతలో పని చేసొచ్చి, ఆయన నిద్రలో పండ్లు పటపట కొరికేవాడు. "సాంచా ఇంటికి తెచ్చుకున్నవా ఏంది?" అని భార్య తట్టి లేపేది.

నన్ను పట్టి ఉంచింది సన్నటి సిమెంటు పొర. అరగదీసిన పన్ను మోడుకూ నాకూ మధ్య దారమంత మందం కూడా ఉండదు. ఏళ్ల తరబడి లాలాజలం, ఒత్తిడి దాన్ని అంచు దగ్గర కొరుక్కుతిన్నాయి. ఆ సందులోకి అన్నం మెతుకు, చక్కెర చాయ్ చేరాయి. లోపల మెల్లగా పుచ్చు మొదలైంది. నాడెలో పోగు అయిపోతే సాంచా తనంతట తానే ఆగిపోతుంది. ఈ పన్ను ఆగలేదు. నన్ను పెట్టకముందే రూట్ కెనాల్ చేసి నరం తీసేశారు కదా, ఇక నొప్పి ఎక్కడిది? నోట్లో వాసన, తిన్నదల్లా అక్కడే ఇరుక్కోవడం, నాలుకతో నెడితే నేను కాస్త కదలడం. ఇవే గుర్తులు. మూడు వారాలు ఆయన నన్ను నాలుకతో ఆడిస్తూ కాలం గడిపాడు.

చివరికి చాయ్ హోటల్ దగ్గర పల్లిపట్టి కొరికితే బెల్లం పాకం నన్ను లాగేసింది. అరచేతిలో పల్లీల మధ్య మెరుస్తూ పడ్డాను.

"గిదేంది, ఇనుప ముక్కనా?" అన్నాడు దోస్తు. "ఒక్క బొట్టు ఫెవిక్విక్ పెట్టుకో, అయిపాయె."

నా గుండె జారింది. ఆ జిగురు చిగురును కాలుస్తుంది. నేను వంకరగా అతుక్కుంటే డాక్టరు కూడా సరిగ్గా ఊడదీయలేడు. భార్య ఒప్పుకోలేదు, పుణ్యాత్మురాలు. చెంబు నీళ్లలో నన్ను కడిగి, మాత్రల డబ్బీలో పెట్టింది. "ఈ రాత్రికి నోట్లె పెట్టుకుంటా" అని ఆయనంటే, "నిద్రల గొంతుల వడితె?" అంది. కడుపులోకి పోతే చాలావరకు కొద్ది రోజుల్లో బయటికొస్తాను. ఊపిరి గొట్టంలోకి పోతేనే ప్రాణం మీదికి. ఆ రాత్రి ఎడమవైపే నమిలాడు.

పొద్దున డాక్టరు ఎక్స్‌రే తీసి, పుచ్చు గీకి, నన్ను ఒకసారి మోడు మీద పెట్టి చూసింది. అంచు ఇంకా సరిపోయింది. గ్లాస్ అయోనమర్ సిమెంటుతో అంటించింది. ఇంకొన్నాళ్లు ఆగితే మోడే మిగలకపోవచ్చనీ, అప్పుడు పన్ను పీకేయడమేననీ చెప్పింది. రాత్రి పండ్లు కొరికినా అరగకుండా ఒక తొడుగు ఇచ్చింది. పండ్ల సందులో రోజూ దారం తీయమంది.

ఆయన నవ్వాడు. "దారం సంగతి నాకు జెప్తున్నరా మేడం?"

ఇంటికొచ్చి కండె నుంచి పాలిస్టర్ పోగు తెంపాడు. చిగురు కోసుకుని రక్తమొచ్చింది. మర్నాడు మెడికల్ షాపు నుంచి అసలు ఫ్లాస్ తెచ్చాడు. దాన్ని పైకి గుంజితే నేను మళ్లీ లేవొచ్చు, పక్కకు లాగితే మేలు. పోగు నొప్పించకుండా లాగడం ఆయన వేళ్లకు కొత్తేమీ కాదు, రెండు రోజుల్లో పట్టుబడింది.

దసరా వచ్చింది. పళ్లెంలో మూలుగ బొక్క పడింది. ఆయన దాన్ని నోట్లోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, ఎడమవైపుకు తిప్పుకున్నాడు.