సొంతూరు అచ్చిరాని సొంత జట్టు

అమెరికాలో అరిజోనా కొయోటీస్ అని ఒక ఐస్ హాకీ జట్టు ఉండేది. ఎడారి ఊళ్లో మంచు మీద ఆట. మే నెలలో రామగుండంలో స్కేటింగ్ పోటీలు పెట్టినట్టు! పెద్ద స్టేడియం వాళ్లు ఖాళీ చేయమంటే, చివరి రెండు సీజన్లు 5 వేల మంది కూడా పట్టని యూనివర్సిటీ హాల్లో కానిచ్చి, 2024 ఏప్రిల్‌లో మూటాముల్లె సర్దుకుని సాల్ట్ లేక్ సిటీకి పోయింది. అభిమానులు ఏడ్చారు. మా కరీంనగర్ వాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు. ఏడవాలంటే జట్టు ముందు మన దగ్గరుండాలి గదా.

మనకూ ఒకటుండె, ఐపీఎల్ క్రికెట్‌లో డెక్కన్ చార్జర్స్. 2008లో హైదరాబాద్‌లో ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడి అట్టడుగున తేలింది. మరుసటేడు ఎన్నికలని ఐపీఎల్‌ను దక్షిణాఫ్రికాకు పంపితే, గిల్‌క్రిస్ట్ సేన అక్కడ ఏకంగా కప్పే కొట్టింది. సొంతూరు ఎంత దూరమైతే జట్టుకు అంత బలం!

2009 నవంబర్ 29న కరీంనగర్ పొలిమేరలో, అలుగునూరు దగ్గర, ప్రత్యేక తెలంగాణ కోసం దీక్షకు పోతున్న కేసీఆర్‌ను అరెస్టు చేశారు. తెలంగాణ భగ్గుమంది. భద్రత లేదంటూ 2010లో మన ‘సొంత’ మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలించారు. హైదరాబాద్ నొచ్చుకుంది. ఆదిలాబాద్ మాత్రం లోలోపల మురిసింది. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి పోవాలంటే 300 కిలోమీటర్లు. నాగ్‌పూర్ వాళ్ల జామ్తా స్టేడియం 200 లోపే, అదీ అదే హైవే పక్కన, ఊళ్లోకి పోకముందే. పెన్‌గంగ వంతెన దాటి తిన్నగా పోతే చాలు. “కొట్లాడింది మీరు, మ్యాచ్ జూసింది మేము” అని మా ఆదిలాబాద్ బావ ఇప్పటికీ ఎకసెక్కమాడతాడు. ప్రవాసంలో ఉన్న ఆ ఏడు జట్టు సెమీస్ దాకా పోయింది మరి.

ఇక 2012. ఇదే ఆఖరని ఎవరూ చాటింపు వేయలేదు. కెప్టెన్ సంగక్కర, నిప్పులు కురిపించే స్టెయిన్, 16 మ్యాచ్‌లు, 4 గెలుపులు. మొదటి గెలుపు ఉప్పల్‌లో అనుకునేరు, పుణెలో! మే 20న చివరి మ్యాచ్‌కు మాత్రం ఉప్పల్ కలిసొచ్చింది. చేసింది 132 పరుగులే. స్టెయిన్ 4 ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీస్తే, బెంగళూరు 9 పరుగుల తేడాతో ఓడి ఇంటిదారి పట్టింది. ఖాళీ అయిన ప్లేఆఫ్ కుర్చీ ఎవరికి? చెన్నైకి. సెప్టెంబర్‌లో, అప్పుల్లో మునిగిన ఓనర్లు జట్టును వేలం పెడితే 900 కోట్ల బేరం వచ్చీ కుదరలేదు. మర్నాడే బీసీసీఐ జట్టును రద్దు చేసింది. అక్టోబర్‌లో ఏడాదికి 85.05 కోట్లు కడతామని హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకున్నదెవరు? సన్ టీవీ. అదీ చెన్నైదే. చేసిన పుణ్యం ఊరికే పోతుందా!

కథ అక్కడితో ఒడవలేదు. 2020లో ఆర్బిట్రేటర్, పాత ఓనర్లకు బీసీసీఐ 4,800 కోట్లు కట్టాలన్నాడు. ఆడిన రోజుల్లో చూడనంత గెలుపు, మూతపడ్డాక! 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ ముక్క బావ చెవిన వేస్తే తెగ నొచ్చుకున్నాడు.

“గిది గూడ బొంబాయిలనేనా బామ్మర్దీ? ముందే చెప్పొద్దా! ఆదిలాబాద్ల నందిగ్రామ్ రైలెక్కి, పోయి చూసొస్తుంటి గదా.”