నేను కొల్లేటి దోనెను

నేను తాటిదోనెను. ఇప్పుడు ఉండేది కొల్లేరు సరస్సులో, కైకలూరు పక్క లంకలో. పుట్టింది మాత్రం కాలవగట్టున, తాటిచెట్టుగా. మిగతా చెట్లకు చేవ లోపలుంటే తాటికి బయటుంటుంది. ముదురు తాటిని పడగొట్టి, బాడిసెతో లోపలి మెత్తదనమంతా తవ్వి తీసేస్తే మిగిలే గట్టి డొప్పే దోనె. చెట్టు మొదలు లావుగా, మూసుకుని ఉంటుంది. అది నా ముందుభాగం. రెండో కొస తెరిచి ఉంటుంది కాబట్టి బంకమట్టి మెత్తి నీటికి అడ్డు కడతారు. పనిలేని రోజుల్లో నన్ను ఎండలో వదలరు, నీళ్లలో ముంచి ఉంచుతారు. ఎండితే పగిలిపోతాను.

నన్ను నడిపే మా పెద్దాయన పొద్దుగూకే వేళ మావులు, అంటే చేపలు పట్టే వెదురు బోనులు పెట్టి, తెల్లవారకముందే వాటిని ఎత్తుతాడు. నా బతుకంతా ఆ రెండు వేళల మధ్యే. గూడెం మాస్టారు కాగితం పట్టుకుని గట్టుమీదకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తాడేపల్లిగూడెం బడిలో పాఠాలు చెప్పే మనిషి. పిల్లల్ని ఒకరోజు ప్రయాణానికి తీసుకురావాలని ఆయన కోరిక.

"విదేశాల్లో పాత ఊళ్లనే మ్యూజియంలుగా చేశారు బాబాయ్," అని మొదలుపెట్టాడు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 1891లో స్కాన్సెన్ అనే చోటు తెరిచారట. పల్లెటూళ్ల పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారట. అమెరికాలో విలియమ్స్‌బర్గ్ అనే ఊరిని 1926 నుంచి పాత రూపానికి తెచ్చారట. అక్కడ కమ్మరి, వడ్రంగి పాతకాలం బట్టలు కట్టుకుని, చూసేవాళ్ల ఎదుటే పని చేసి చూపిస్తారట. మన దగ్గర చెన్నై పక్కన ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర ఉంది. అందులో మన తీరాంధ్ర చుట్టిల్లు కూడా ఉందని చెప్పాడు. "గూడెం నుంచి చెన్నై ఒక్కరోజులో అయ్యే పనా? అందుకే మన చుట్టూ ఉన్నదే చూపిద్దామనుకున్నాను," అన్నాడు.

కాగితం చదివాడు. పొద్దున ద్వారకా తిరుమల, అక్కణ్ణుంచి గుంటుపల్లి గుహలు, పెదవేగి, మధ్యాహ్నం ఏలూరు, ఆ తర్వాత కొల్లేటికోట, ఆటపాక పక్షులు, చివరికి మా లంక.

పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. "ఆయ్, అన్నీ మంచి చోట్లేనండి. ఇన్ని ఒక్కరోజులో అంటే పిల్లలు బస్సునే చూస్తారండి. ఇంతకీ మా దగ్గరికి ఏ వేళకొస్తారు మాస్టారూ?"

"సాయంత్రం నాలుగవుతుంది."

"అప్పటికి మావులు ఎత్తేసి, చేపలు తూకానికి కాటాకెళ్లి, మేం పడుకుని లేచుంటామండి. గట్టు తప్ప ఇంకేం కనపడదు."

మాస్టారు మర్నాడు చీకటితోనే వచ్చాడు. పెద్దాయన గెడ వేస్తుంటే గట్టున నిలబడి చూశాడు. మావు దగ్గరకు రాగానే పెద్దాయన పక్కకు వంగాడు. నా అంచు నీటిమట్టం దాకా ఒరిగింది. గుర్రపుడెక్క వేళ్లను చేత్తో తప్పించి మావును పైకి లాగాడు. వెదురు బద్దల సందుల్లోంచి నీళ్లు ధారగా కారాయి. తలుపు తీసి దులిపితే కొర్రమీనులు, ఇంగిలాయిలు, మార్పులు నా కడుపులో పడి ఎగిరాయి. వీటినే మావాళ్లు నల్లజాతి చేపలంటారు. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి, నా అడుగున ఉండే కాస్త నీటిలోనే కాటా దాకా బతికి ఉంటాయి. ఏ మ్యూజియంలోనైనా నన్ను అద్దాల వెనక పెట్టొచ్చు. ఆ ఒరగడాన్ని ఎలా పెడతారు?

గట్టుకు వచ్చాక ఇద్దరూ కూర్చుని కాగితం తిరగరాశారు. ఈసారి చూసేవాళ్ల వీలు పక్కన పెట్టి, పని చేసేవాళ్ల వేళను ముందు రాశారు.

మొదట కాలం. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఏలూరు-కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగి రాకపోకలు ఆగిపోతాయి. వచ్చిన నీరంతా సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుకని కార్తీకం దాటాక రమ్మన్నాడు పెద్దాయన. అప్పటికి వలసపక్షులు దిగి ఉంటాయి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. పిల్లలతో ఆ జనంలో కష్టం కనుక అంతకు ముందే వచ్చి వెళ్లాలి.

తర్వాత దారి. తెల్లవారుజామున నాలుగింటికి గూడెంలో బయలుదేరి, భీమవరం, ఆకివీడు మీదుగా ఉప్పుటేరు దాటి కైకలూరు. పిల్లలు గట్టునుంచే మావులెత్తడం చూడాలి. నాలో ఎక్కించవద్దని పెద్దాయన గట్టిగా చెప్పాడు, అదే సరి. నా ఒరుగుడు అలవాటైన కాళ్లకే తెలుస్తుంది. పడవ సరదా ఆటపాకలో అటవీశాఖ పడవల్లో తీరుతుంది. అక్కడ పక్షుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, గూడకొంగలు వాటిమీద గూళ్లు కడతాయి. చెట్లు చాలని చోట మనుషులు చేసిన ఏర్పాటది.

అక్కడే సరస్సు కథ చెప్పాలనుకున్నాడు మాస్టారు. పదో కాంటూరు (సమోన్నత రేఖ) దాకా లెక్కేస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అందులో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేస్తే, 2006లో వాటిని పెద్దఎత్తున తెంచారు. గట్టు వేసిన ప్రతిచోటా మాలాంటి దోనెలకు దారి మూసుకుపోయింది. చెరువుల్లో ఉపాధి దొరికినవాళ్లకు గట్టు తెగినప్పుడు కూడు పోయింది. ఈ రెండు మాటలూ పిల్లలకు చెప్పమన్నాడు పెద్దాయన.

కొల్లేటికోటలో అమ్మవారి దర్శనం, భోజనాలు. మధ్యాహ్నం ఏలూరు, తంగెళ్లమూడిలో తివాచీల మగ్గాలు. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు తెచ్చిన విద్య అని చెబుతారు. ఉన్ని పోగును ముడివేసి, కత్తితో తెంపి, మళ్లీ ముడివేస్తూ పోతారు. పగటి వెలుగుండగానే చేరాలని కాగితంలో కింద గీత గీశాడు మాస్టారు. ముందే కబురు పంపితే మగ్గం ఆడే రోజు తెలుస్తుంది. అక్కణ్ణుంచి హైవే మీద భీమడోలు దాటి, చీకటి పడేసరికి గూడెం.

గుంటుపల్లిని వేరే రోజుకు పెట్టుకున్నారు. అక్కడి గుండ్రటి చైత్యంలో, రాతి కప్పు లోపల కొయ్యవాసాల్లాంటి వాసాలు చెక్కారట. కొయ్య ఇల్లు ఏనాడో చివికిపోయినా దాని తీరు రాతిలో రెండువేల ఏళ్లుగా నిలిచింది. రూపాన్ని రాయి కాపాడగలదు. బాడిసె పట్టే ఒడుపును కాపాడాలంటే మనిషికి మనిషి నేర్పాలి.

ఇప్పుడు లంకల్లో ఫైబర్ పడవలు ఎక్కువయ్యాయి. అవి పగలవు, ముంచి ఉంచనక్కర్లేదు. మావాళ్ల కష్టం తగ్గితే నాకూ సంతోషమే. కానీ తాటిని తవ్వి దోనె చేసే చేతులు తగ్గిపోతున్నాయి. మీరూ ఇలాంటి ప్రయాణం తలపెడితే ఊళ్ల జాబితా రాసేముందు ఆ ఊళ్లో పని చేసేవాళ్లను "మీ పని ఏ వేళకండి?" అని అడగండి. వచ్చినప్పుడు గట్టుమీద చేపలు కొనండి. మగ్గం దగ్గర చిన్న తివాచీ అయినా కొనండి. దోనె చెక్కే మనిషి దొరికితే పిల్లల్ని ఆయన పక్కన కూర్చోబెట్టండి, అడగాల్సినవి వాళ్లే అడుగుతారు. మెచ్చుకోలు నాకూ ఇష్టమే, కానీ నా తర్వాత మరో దోనె పుట్టాలంటే దానికి గిరాకీ ఉండాలి.