ఒక్క సెకనులో గోడ

“పన్నెండు మంది కూలీలు రోజుకు ఎనిమిది గంటల చొప్పున పనిచేసి ఒక గోడను పది రోజుల్లో కడతారు. అదే గోడ ఆరు రోజుల్లో లేవాలంటే ఎంతమంది కావాలి?”

“ఇరవై” అన్నాడు మా అక్క కొడుకు. నేను ఊపిరి పీల్చుకునే లోపే జవాబు వచ్చేసింది. వాడు తమిళనాడు గ్రూప్‌ 4 పరీక్షకు తయారవుతున్నాడు. రోజూ గుడియాత్తంలో బస్సెక్కి, వేలూరులో దిగి, కోచింగ్‌ సెంటర్లో కూర్చుని పూటకు నలభై గోడలు కట్టి ఇంటికొస్తాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ‘ఎదిర్‌ విగిదం’. ఆంధ్రా పుస్తకాల్లో దాన్నే విలోమానుపాతం అంటారు. ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోది అన్ని రెట్లు తగ్గాలి. రెంటినీ గుణిస్తే వచ్చేది మాత్రం కదలకూడదు.

“సరే, గోడ ఒక్క గంటలో కావాలి.”

“తొమ్మిది వందల అరవై మంది.”

“ఒక్క సెకనులో?”

ఈసారి ఫోను తీశాడు. 34,56,000 అని వచ్చింది. వాడి ముఖంలో అనుమానం లేదు, లెక్క కుదిరిందన్న తృప్తి ఉంది.

కుదిరింది కూడా. 2019లో మూడు ముక్కలు కాకముందు వేలూరు జిల్లా జనాభా, 2011 లెక్కల ప్రకారం, 39.36 లక్షలు. అంటే ఆంబూరు చెప్పుల కంపెనీల వాళ్లను, వాణియంబాడి తోళ్ల షాపుల వాళ్లను, ఆస్పత్రి మంచాల మీది రోగులను, ఉయ్యాలలో పిల్లలను అందరినీ ఒక గోడ చుట్టూ నిలబెట్టి “ఊఁ, కానీండి” అంటే చాలు, కనురెప్ప కొట్టేలోగా గోడ లేస్తుంది. ఇంకా 4 లక్షల 80 వేల మంది మిగులుతారు. వాళ్ల చేత టీలు ఇప్పించవచ్చు. సిమెంటు ఆరడానికి పట్టే రోజులంటారా? వాటికి సూత్రంలో అక్షరం కేటాయించలేదు.

మా నాన్న అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నాడు. ఆయన బతుకంతా గుడియాత్తం లుంగీలే నేశాడు. మనవణ్ణి పిలిచి, “మగ్గం గుంటలో నలుగురిని దించితే లుంగీ రాదు నాయనా, కొట్లాట వస్తుంది” అన్నాడు.

మగ్గం సంగతి తెలిసినవాళ్లకు ఇది హాస్యం కాదు. గుంటలో కాళ్లు పెట్టేది ఒక్కరే, నాడె విసిరేది ఒక్కరే. కానీ ఆ ఒక్కరి వెనక ఇల్లంతా ఉంటుంది. కండెలు చుట్టే ఆడవాళ్లు, పడుగు సాగదీసి గంజి పెట్టేవాళ్లు, తెగిన పోగు అతికే ముసలి చేతులు. వీధి పొడవునా పడుగు పట్టిన పొద్దున వాన పడిందంటే ఆ రోజుకు అంతే. ఇరవై మంది ఉన్నా అరుగు మీద కూర్చుని ఆకాశం చూడాల్సిందే. ఊళ్లోని అగ్గిపెట్టెల కార్ఖానాల్లోనూ ఇదే కథ. మందులో ముంచిన పుల్ల ఎండకు ఆరుతుంది గానీ కూలీల సంఖ్యకు ఆరదు.

కంప్యూటర్ల వాళ్లకు ఈ బుద్ధి 1975లోనే వచ్చింది. ఐబీఎంలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌ నడిపి చేతులు కాల్చుకున్న ఫ్రెడరిక్‌ బ్రూక్స్‌, ఆలస్యమైన పనికి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని పుస్తకమే రాశాడు. మా నాన్న ఆ పుస్తకం చదవలేదు. అవసరం పడలేదు.

మళ్లీ కోచింగ్‌ సెంటర్‌కే వద్దాం. గోడల తర్వాత వాళ్లకు ప్రాణం కోట లెక్క. “ఒక కోటలో 300 మంది సైనికులకు 60 రోజులకు సరిపడా తిండి ఉంది. 15 రోజుల తర్వాత 75 మంది వెళ్లిపోతే మిగిలిన తిండి ఎన్నాళ్లు వస్తుంది?” జవాబు 60. పదిహేను రోజులు తిన్నాక కూడా మళ్లీ అరవై రోజులే! ఇంత సుభిక్షమైన కోటను విడిచి ఆ 75 మంది ఎక్కడికి పోయారని ఎవరూ అడగరు. వేలూరులో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే నిజమైన కోట కనిపిస్తుంది, చుట్టూ కందకంతో సహా. ఆ కందకంలో ఒకప్పుడు మొసళ్లుండేవని వేలూరు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మొసళ్లను దాటుకుని 75 మంది వెళ్లగలిగితే తిండికే కాదు, మొసళ్లకూ ఒక సూత్రం కావాలి.

ఆ కోటను 1677లో మరాఠాలు ముట్టడించారు. పద్నాలుగు నెలలు పట్టింది. లోపల రోగాలు చెలరేగి, కోటను కాస్తున్న బీజాపూరు సైన్యం కరిగిపోయింది. మన సూత్రం ప్రకారం ఇది శుభవార్త, మనుషులు తగ్గారు కాబట్టి ధాన్యం ఎక్కువ రోజులు రావాలి, కోట నిక్షేపంగా నిలవాలి. కానీ 1678లో కోట లొంగిపోయింది. తిండి మిగిలినా గోడ మీద నిలబడడానికి మనిషి మిగలాలని ఆప్షన్లలో లేదు. ఇక 1806 జులై 10న అదే కోటలో సిపాయిలు తిరగబడితే, ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిలెస్పీ గుర్రాల దండుతో వచ్చి ఆ పూటే అణిచేశాడు. బియ్యం లెక్కదాకా పోనే లేదు.

లెక్కల మీద నాకు కోపం లేదు. సూత్రాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తేల్చుకునే పనిని ఎత్తేసి, మిగిలిన గుణకారానికి ‘గణితం’ అని పేరు పెట్టినందుకే కోపం. 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడు వ్యస్త త్రైరాశికం చెబుతూ అది ఎక్కడ చెల్లుతుందో మూడు చోట్లు చూపించాడు. ప్రాణుల వయసుకూ వెలకూ మధ్య, బంగారం వన్నెకూ తూకానికీ మధ్య, ధాన్యపు రాశికీ కొలపాత్రకూ మధ్య. చివరి రెండూ మన ఆడవాళ్లకు పుట్టుకతో తెలుసు. వన్నె తగ్గితే అదే డబ్బుకు బంగారం ఎక్కువ తూగాలి. చిన్న మానికతో కొలిస్తే ఎక్కువసార్లు కొలవాలి. మొదటిదానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ మాత్రం ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పదహారేళ్ల దాసి 32 నిష్కాలైతే ఇరవై ఏళ్ల దాసి వెల ఎంత? ఇరవై అయిదూ మూడు బై అయిదు. ఆ లెక్క సిగ్గుచేటే, కాదనను. కానీ కూలీలనూ రోజులనూ ఆయన తన జాబితాలో చేర్చలేదు. మనం చేర్చాం. మనిషికి మనిషి సమానమని రాజ్యాంగం చెబితే నమ్మం గానీ, ‘ఎం వన్‌ డీ వన్‌’ అనే కూలీలూ రోజుల సూత్రం చెబితే నమ్ముతాం.

కోచింగ్‌ వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. గ్రూప్‌ 4లో 200 ప్రశ్నలు, మూడు గంటలు. ప్రశ్నకు యాభై నాలుగు సెకన్లు. వంద ప్రశ్నలు తమిళానివే, అందులో 40 శాతం రాకపోతే మిగతా సగాన్ని దిద్దనే దిద్దరు. ఇంట్లో తెలుగు మాట్లాడే గుడియాత్తం పిల్లవాడికి అదొక కందకం. ఇక లెక్కలూ బుద్ధికుశలతా కలిపి ఇరవై అయిదు ప్రశ్నలు. ఇంత తొందరలో గోడ నిజంగా కట్టవచ్చా అని ఆగి ఆలోచించేవాడు వెనకబడతాడు. ఆలోచించనివాడు గ్రామ పరిపాలనాధికారి అవుతాడు. రేపు చెరువు పూడిక పని ఆలస్యమైతే “ఇంకో పదిమందిని వెయ్యండి” అని సంతకం పెడతాడు.

అయినా ఈ పరీక్షలో అచ్చమైన విలోమానుపాతం ఒకటుంది, దాన్ని ఎవరూ ప్రశ్నగా ఇవ్వరు. 2022 గ్రూప్‌ 4కు ప్రకటన ఇచ్చిన నాటికి పోస్టులు 7301, దరఖాస్తులు దాదాపు 22 లక్షలు. కుర్చీకి మూడు వందల మంది. పోస్టులు కదలకుండా రాసేవాళ్లు రెట్టింపైతే ఒక్కొక్కరి ఆశ సగమవుతుంది. ఇక్కడ మగ్గం గుంట అడ్డురాదు, వాన రాదు, సిమెంటు ఆరక్కర్లేదు. కోచింగ్‌ సెంటర్ల ఫీజులు మాత్రం అనులోమానుపాతంలో పోతాయి.

మొన్న ఆదివారం నేనే వాడికొక ప్రశ్న ఇచ్చాను. ఒక గుంట మగ్గం మీద ఒక నేతగాడు ఎనిమిది గంటల్లో ఒక లుంగీ నేస్తాడు. అదే మగ్గం మీద ఎనిమిది మంది కూర్చుంటే ఎన్ని గంటల్లో నేస్తారు? ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని నాలుగు జవాబులూ, పరీక్ష పెట్టే కమిషన్‌ వాళ్ల పద్ధతిలోనే ‘విడై తెరియవిల్లై’ అని అయిదో గడీ గీశాను. జవాబు తెలియనివాళ్లు ఆ గడి నింపాలని వాళ్ల నిబంధన.

వాడు ఒకటి మీద పెన్ను పెట్టాడు. అరుగు మీద తాత దగ్గాడు. పెన్ను ఆగింది. యాభై నాలుగు సెకన్లు దాటాయి, రెండు నిమిషాలయ్యాయి. చివరికి అయిదో గడిని నల్లగా నింపి కాగితం నా చేతిలో పెట్టాడు.

“దీనికి మార్కు రాదు మామా” అన్నాడు.