లైనక్స్‌లో నెట్ కలపడం: పని తక్కువ, పేరు ఎక్కువ

నెట్ పోతే బాగు చేయడం ఎవరైనా చేస్తారు. బాగు చేస్తున్నట్టు కనిపించడమే అసలు విద్య. ఈ చిట్కాలు పాటించండి, ఆఫీసులో మీ మాటకు తిరుగుండదు.

1. ముందు ఒక గొడవ పెట్టండి. మౌస్ వాడేవాళ్లతో "కమాండ్లు రానివాళ్లకి లైనక్స్ దేనికండీ?" అనండి. కమాండ్లు కొట్టేవాళ్లతో "ఐకాన్ నొక్కితే అయ్యేదానికి ఇంత ప్రయాసా?" అనండి. ప్యానెల్లోని ఐకానూ, ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ కమాండూ ఆజ్ఞాపించేది ఒకే నెట్‌వర్క్‌మేనేజర్‌ని అన్న సంగతి పొక్కనివ్వకండి. టెర్మినల్లోనే మెనూ చూపించే ఎన్‌ఎమ్‌టీయూఐ ఉందని ఎవరైనా గుర్తుచేస్తే "అది పిల్లలకి" అని కొట్టిపారేయండి. వాదన తెగితే పని మొదలుపెట్టాల్సి వస్తుంది.

2. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇమిడ్చండి. నెట్‌వర్క్‌మేనేజర్‌కీ, అదే పని చేసే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీకీ ఒకే నెట్‌వర్క్ కార్డు అప్పగించండి. అవి రెండూ కొట్టుకుంటుంటే గంభీరంగా "డ్రైవర్ ప్రాబ్లం" అని చెప్పి టీకి వెళ్లండి.

3. వైఫై పాస్‌వర్డ్‌ని కమాండ్‌లోనే టైప్ చేయండి. విడిగా అడిగించుకునే ఆప్షన్ ఉంది, దాని జోలికి పోకండి. కమాండ్‌లో కొట్టిన పాస్‌వర్డ్ బ్యాష్ హిస్టరీలో భద్రంగా ఉంటుంది. మర్చిపోతే పైబాణం నొక్కితే చాలు. మీరు లేనప్పుడు మీ సీట్లో కూర్చునేవాళ్లకీ అదే సౌకర్యం.

4. ఐపీ అడ్రస్‌ని ఎప్పుడూ అప్పటికప్పుడు 'ఐపీ' కమాండ్‌తో తగిలించండి. ఫైల్లో రాయకండి. రీబూట్ కాగానే అది పోతుంది, మిమ్మల్ని పిలుస్తారు. అదే కమాండ్ మళ్లీ కొట్టి దండాలు అందుకోండి.

5. డీఎన్ఎస్ కోసం రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్‌ని చేత్తో దిద్దండి. సిస్టమ్ దాన్ని మళ్లీ తనకు నచ్చినట్టు రాసుకుంటుంది. అప్పుడు చాట్ర్ కమాండ్‌తో ఫైల్‌కి తాళం వేయండి. ఇక రూట్ వచ్చి రాసినా కుదరదు. తాళం వేసినట్టు ఎక్కడా రాసిపెట్టకండి. మీరూ మర్చిపోతే మరీ మంచిది.

6. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, ముందు కార్డుని డౌన్ చేయండి, తర్వాత అప్ చేయండి. రెండో కమాండ్ కొట్టే శ్రమ మీకు తప్పుతుంది. ఉబుంటులో 'నెట్‌ప్లాన్ ట్రై' అని ఒకటుంది. 120 సెకన్లలో మీరు సరే అనకపోతే పాత సెట్టింగులు తానే తెచ్చిపెడుతుంది. అలాంటి పిరికి పనులు మనకొద్దు. నేరుగా 'అప్లై' కొట్టండి.

7. అన్నీ చేసినా నెట్ ఇంకా వస్తోందా? నెట్‌వర్క్‌మేనేజర్‌ని పూర్తిగా పీకేయండి. తిరిగి డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి. పెద్దసారు అడిగితే "నెట్ రాగానే నెట్ బాగు చేస్తానండీ" అనండి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.